దారి పక్కన రాత.. ఊరికి ఆనవాలు
పాలమూరు రహదారుల వెంట శాసనాలు, హెచ్చరిక బోర్డులు, వరద గుర్తులు ఏం చెబుతున్నాయి?

ఖిల్లా ఘణపూర్: హైదరాబాద్ నుంచి కర్నూలు వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారిపై భూత్‌పూర్ పేరు రాసిన బోర్డును నిత్యం వేలమంది ప్రయాణికులు చూస్తుంటారు. ఆ పేరులో భూతం ఏదీ లేదు. కాకతీయుల కాలంలో ఆ ఊరు బూదపురం. మల్యాల గుండన తన మామ గోన బుద్ధారెడ్డి పేరిట నిర్మించిన ఊరది. బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబిక 1276లో అక్కడ వేయించిన శాసనంలోని పద్యం కారణంగానే సాహిత్య చరిత్రకారులు ఆమెను తొలి తెలుగు కవయిత్రిగా పేర్కొంటున్నారు. బుద్ధారెడ్డి పేరు మోసిన ఊరు బోర్డు మీద భూతాల ఊరుగా మారింది. ఒక్క అక్షరం తారుమారైనందుకు ఏడున్నర శతాబ్దాల చరిత్ర దారినపోయేవారి కంటికి కనపడకుండా పోయింది.

దారి పక్కన నిలిపిన రాయి, రేకు, ఫలకం ఏదైనా సరే, అది పుస్తకం తెరవనివారు కూడా చదివే రాత. అందులో ఉన్నది సరైనదైతే ఊరి పేరు నిలుస్తుంది, ప్రాణం దక్కుతుంది. తప్పు రాసినా, అసలు రాయకున్నా ఆ నష్టం తరువాతి తరాలది. వనపర్తి, జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాలతో పాటు పాత మహబూబ్‌నగర్ జిల్లా అంతటా దారుల వెంట కనిపించే గుర్తులు ఎన్ని రకాలు, వాటిని ఎలా చదవాలి, వాటిలో ఏమి ఉండాలి అన్న విషయాలపై ప్రత్యేక కథనం.

పేరులోనే దాగిన రాజు

ఖిల్లా ఘణపూర్ పేరు సైతం ఒక గుర్తే. కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు 1199 నుంచి 1262 వరకు పాలించాడు. ఆయన పేరిట వెలసిన గణపురం వాడుకలో ఘణపూర్ అయింది. అదే చక్రవర్తి పేరిట తెలంగాణలో మరికొన్ని ఘణపురాలు ఉన్నాయి. ములుగు ప్రాంతంలోని గణపురం కోటగుళ్లకు ప్రసిద్ధి. రైల్వే స్టేషన్ ఉన్న ఊరు స్టేషన్ ఘనపూర్ అయింది. కొండమీద కోట ఉన్నందున మన ఊరి పేరుకు ముందు ‘ఖిల్లా’ చేరింది. కొన్నిచోట్ల ‘ఘనపూర్’ అని, మరికొన్నిచోట్ల ‘ఘణపూర్’ అని, ఇంకొన్నిచోట్ల ‘ఘణపురం’ అని రాయడం పరిపాటి. ‘ణ’ ఉన్నంతవరకు గణపతిదేవుని జాడ ఆ పేరులో మిగిలి ఉంటుంది. ‘న’ రాస్తే ఆ జాడ చెరిగిపోతుంది.

రెండు కొండలను కలుపుతూ కట్టిన ఇక్కడి కోటను కాకతీయ సామంతులైన గోన వంశీయులు నిర్మించారని ప్రతీతి. గోనవారి రాజధాని వర్ధమానపురం నేటి నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలంలోని నంది వడ్డెమాను. రంగనాథ రామాయణ కర్తగా పేరొందిన గోన బుద్ధారెడ్డిది ఈ వంశమే. ఆయన కుమారుడు గోన గన్నారెడ్డిని అడివి బాపిరాజు నవల ద్వారా పాతతరం పాఠకులు, 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ చలనచిత్రం ద్వారా నేటి యువతరం ఎరుగుదురు. వెండితెర మీద గన్నారెడ్డిని చూసి ఈలలు వేసిన కుర్రకారులో ఆయన వంశం ఏలిన గడ్డ ఏదని అడిగితే చెప్పగలిగేవారు అరుదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది రహదారి మీది ఫలకమే.

నిలువురాళ్ల నుంచి శాసనాల దాకా

గుర్తులు నిలపడం ఈ గడ్డకు కొత్త కాదు. నారాయణపేట జిల్లా కృష్ణా మండలం ముడుమాల్‌లో పొలాల నడుమ కనిపించే నిలువురాళ్లు వేల ఏళ్ల నాటివి. పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తు గలవి సుమారు 80 ఉండగా, వరుసలుగా పేర్చిన చిన్నరాళ్లు దాదాపు మూడు వేలు. ఒక రాతిపై సప్తర్షి మండలాన్ని పోలిన గుంటలు ఉండటంతో సూర్యచంద్రుల గమనాన్ని, రుతువులను గుర్తించేందుకు వీటిని వాడి ఉంటారని పరిశోధకులు భావిస్తున్నారు. 2025లో ఈ స్థలం యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. ఇంతటి విలువ గలవని తెలియని కాలంలో ఇటువంటి రాళ్లను గట్లకు, గోడలకు తరలించిన ఊళ్లు దక్కనులో అనేకం. రాయి విలువ తెలియజెప్పే ఒక్క పలక లేకుంటే అది రైతు కంటికి దున్నడానికి అడ్డొచ్చే బండ మాత్రమే.

శాసనాల సంగతీ అంతే. నల్గొండ జిల్లా నకిరేకల్ మండలం చందుపట్లలో పువ్వుల ముమ్మడి వేయించిన 1289 నాటి శాసనం వెలుగుచూసే వరకు రాణి రుద్రమ ఎప్పుడు మరణించినదీ చరిత్రకారులకు స్పష్టంగా తెలియదు. ఓరుగల్లులోని కోట చెప్పలేని ముచ్చటను ఒక పల్లెలోని రాయి చెప్పింది.

రాయచూరు కోట గోడలో అమర్చిన బండ మరొక పాఠం చెబుతుంది. సుమారు 41 అడుగుల పొడవు గల ఆ రాతిపై 1294 నాటి తెలుగు శాసనం ఉంది. గోన గన్నయరెడ్డి సేనాని విఠలనాథుడు ఆదవాని, తుంబళం, మానువ, హాలువ కోటలను గెలిచి రాయచూరును స్వాధీనం చేసుకుని రాతిగోడ కట్టించిన వైనం అందులో ఉంది. అంత పెద్ద బండను పశువులను పూన్చిన బండిపై ఎలా తరలించారో చూపే గీతల బొమ్మ కూడా పక్కనే ఉంది. అయితే కొన్ని పాత గెజిటీర్లలో గన్నయరెడ్డి పేరు ‘గోరె గంగయ రుద్దివారు’గా అచ్చయింది. ఆ తప్పు పుస్తకం నుంచి పుస్తకానికి పాకి, సేనాని విఠలుడు రాజుగాను, దొర అయిన గన్నయ మంత్రిగాను మారిపోయారు. శాసనం చదవడంలో జరిగిన పొరపాటు ఫలకానికి ఎక్కితే దానిని దించడం ఎంత కష్టమో ఈ ఉదంతమే సాక్ష్యం.

మైళ్లు పోయినా మైలురాయి మిగిలింది

వెనుకటి రోజుల్లో దూరాన్ని క్రోసుల్లో, ఆమడల్లో చెప్పేవారు. తరువాత మైళ్లు వచ్చాయి. 1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం తరువాత దేశంలో కిలోమీటర్లు అమలులోకి వచ్చాయి. మైళ్లు పోయినా ‘మైలురాయి’ అన్న మాట మాత్రం మన నోట నిలిచిపోయింది.

ఈ రాళ్ల తలకట్టు రంగును బట్టి మనం ఏ దారిలో ఉన్నామో తెలుసుకోవచ్చు. పసుపు రంగు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. నారింజ రంగు ప్రధానమంత్రి గ్రామ సడక్ పథకం కింద వేసిన పల్లె దారిని సూచిస్తుంది. నలుపు లేదా నీలం రంగు జిల్లా రహదారులకు వాడతారు. బోర్డుల ఆకారానికీ అర్థం ఉంది. ఎర్ర అంచు గల త్రికోణం ముందున్న ప్రమాదాన్ని హెచ్చరిస్తుంది. గుండ్రని బోర్డు విధిగా పాటించవలసిన ఆదేశం. దీర్ఘచతురస్రం సమాచారం మాత్రమే ఇస్తుంది. గోధుమ రంగు నేపథ్యంపై తెల్ల అక్షరాలు కనిపిస్తే సమీపంలో చూడదగిన ప్రదేశం ఉన్నట్టు. త్రికోణంలో జింక బొమ్మ ఉంటే అది అలంకారం కాదు. అక్కడ జంతువులు దారి దాటుతాయని అర్థం.

నల్లమల దారిలో

జింక బొమ్మ గల ఆ త్రికోణానికి అసలైన అర్థం హైదరాబాద్-శ్రీశైలం రహదారిపై తెలుస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లా మన్ననూరు దాటగానే అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత 2015లో తెలంగాణ వైపున్న భాగాన్ని అమ్రాబాద్ పేరిట వేరుచేశారు. దీని మొత్తం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. ఇందులో 2,166 చదరపు కిలోమీటర్లు జంతువులకే ప్రత్యేకించిన కీలక ప్రాంతం. పులి, చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్క, దుప్పి, కణితి, కొండగొర్రె, మనుబోతు, అలుగు, బెట్లుడుత తదితర జంతువులకు ఇది ఆవాసం. తరతరాలుగా చెంచులు నివసిస్తున్న పెంటలూ ఈ అడవిలోనే ఉన్నాయి. ఈగలపెంట, దోమలపెంట వంటి పేర్లలోని ‘పెంట’ చెంచుల నివాసాన్ని సూచించే మాటే తప్ప చెత్తకుప్ప అని కాదు. అర్థం తెలియక ఆ పేర్లు చదివి నవ్వుకునే యాత్రికులు ఎందరో.

రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు అడవిలోని ఈ దారిని మూసివేస్తారు. మన్ననూరు తనిఖీ కేంద్రం వద్ద ఆగవలసి వచ్చినప్పుడు విసుక్కునేవారికి దాని కారణం తెలియాలి. వన్యప్రాణుల్లో అధికభాగం చీకటి పడ్డాకే నీటికి, మేతకు కదులుతాయి. వాహనం దీపాల వెలుగు కళ్లలో పడగానే జంతువు బెదిరి దారి నడుమనే నిలిచిపోతుంది. డ్రైవరు బ్రేకు వేసేలోపే ప్రాణం పోతుంది. పగటిపూట సైతం మలుపుల వద్ద వేగం తగ్గించకుంటే ఇదే జరుగుతుంది.

‘కోతులకు ఆహారం వేయరాదు’ అన్న బోర్డును చూసీ అరటిపళ్లు విసిరేవారు ఉన్నారు. తిండికి అలవాటుపడిన కోతులు అడవి వదిలి దారి అంచునే కాపురం పెడతాయి. చక్రాల కింద పడి నలుగుతాయి. వాటి కోసం చిరుతలు సైతం రహదారి సమీపానికి వస్తాయి. దయతో విసిరిన పండు ఈ విధంగా రెండు జాతులకు చేటు చేస్తుంది. ‘ఆహారం వేయరాదు’ అని మాత్రమే రాసిన బోర్డు కన్నా ఈ కారణాన్ని రెండు ముక్కల్లో చెప్పిన బోర్డు మనిషి చేతిని ఆపగలదు.

మొసలి ఉన్న నీరు

అడవి లేని చోట కూడా హెచ్చరికలు అవసరమే. 1995లో పూర్తయిన ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు వెనుక జలాల్లో, కృష్ణాతీరంలో మంచినీటి మొసళ్లు ఉన్నాయి. వనపర్తి, గద్వాల జిల్లాల్లోని పొలాల్లో, చెరువుల్లో మొసలి కనిపించిందన్న వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి. ఎండాకాలంలో ఉన్న మడుగు ఎండిపోతే మొసలి నేల మీద నడుచుకుంటూ మరో నీటి వనరు వెతుక్కుంటుంది. కాలువల వెంట పొలాల్లోకి వచ్చేదీ ఆ కారణంగానే. వేసవి ఆరంభంలో ఇసుక గట్లపై గుంట తవ్వి గుడ్లు పెట్టి, తొలకరి నాటికి పిల్లలు బయటికి వచ్చే వరకు తల్లి అక్కడే కాపు కాస్తుంది. ఆ రోజుల్లో గట్టు దాపులకు పోవడం మిక్కిలి ప్రమాదకరం.

పులి, చిరుత, ఎలుగుబంటి వలెనే మొసలి కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దానిని చంపడం, బంధించి తరలించడం నేరం. కనిపిస్తే గుంపుగా చుట్టుముట్టకుండా అటవీ సిబ్బందికి గానీ, 112 నంబరుకు గానీ తెలియజేయాలి. బట్టలు ఉతికే రేవులు, పశువులను కడిగే చోట్లు, చేపలు పట్టేవారు దిగే తావులు ఎక్కడున్నాయో అక్కడే హెచ్చరిక ఉండాలి. ప్రాజెక్టు గేటు వద్ద పెట్టిన బోర్డు రేవులో మునిగే మనిషికి ఉపయోగపడదు.

నీరు ఎంతవరకు వచ్చింది?

2009 అక్టోబరు తొలివారంలో కృష్ణా, తుంగభద్ర నదులు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 885 అడుగుల పూర్తి నీటిమట్టం గల జలాశయంలో నీరు 896 అడుగులు దాటింది. కర్నూలు నగరం మునిగింది. తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి, ఆలంపూర్ జలదిగ్బంధంలో చిక్కుకున్నాయి. చేనేతకు పేరుగాంచిన రాజోలిలో మగ్గాలు, నూలు, ఇళ్లు నీటిపాలయ్యాయి. అప్పటికి పుట్టని పిల్లలు ఇప్పుడు ఉన్నత పాఠశాలలో చదువుతున్నారు. నీరు ఏ గోడ వరకు వచ్చిందో పెద్దలు చేయెత్తి చూపగలిగినన్నాళ్లు అది జ్ఞాపకం. వారు పోయాక అది వట్టి కథ.

వరద మట్టం గీత ఇందుకే అవసరం. బడి గోడ మీద, పంచాయతీ కార్యాలయం మీద, వంతెన స్తంభం మీద తేదీతో సహా ఒక గీత గీస్తే చాలు. కొత్త ఇల్లు ఎంత ఎత్తున కట్టాలో, ఆపద వేళ ఏ మిట్టకు చేరాలో ఆ గీత చెబుతుంది. జపాన్‌లోని అనెయోషి గ్రామంలో 1933 సునామీ తరువాత పెద్దలు ఒక రాయి నిలిపి, దాని దిగువన ఇళ్లు కట్టవద్దని రాయించారు. ఊరివారు ఆ మాట పాటించారు. 2011లో సునామీ వచ్చినప్పుడు నీరు ఆ రాయి దిగువనే ఆగింది, ఇళ్లు నిలిచాయి. మన హైదరాబాద్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టుదీ ఇటువంటి ముచ్చటే. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో 150 మందికి పైగా ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టే నేటికీ వరదకు ఆనవాలు.

ఆపద నదుల నుంచే వస్తుందని లేదు. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు చొరవతో 1949లో మొదలై 1959లో పూర్తయిన సరళాసాగర్ ప్రాజెక్టు కొత్తకోట సమీపాన ఉంది. గేట్లు ఎత్తేవారి అవసరం లేకుండా నీరు నిండగానే తనంతట తానే బయటికి తోడుకునే సైఫన్ పద్ధతి దీని ప్రత్యేకత. సందర్శకులకు చూపే బోర్డుల్లో ఈ ఘనతను చెప్పడం సహజం. 2019 డిసెంబరు 31న అదే ప్రాజెక్టు కట్ట తెగి, నిండిన నీరంతా ఖాళీ అయిన సంగతీ దాని చరిత్రలో భాగమే. తరువాత కట్టను పునరుద్ధరించారు. కట్ట ఏ తేదీన, ఏ చోట తెగిందో అక్కడే ఒక రాతి మీద ఉంటే, మట్టి కట్టలపై బొరియలు, పిచ్చిచెట్ల వేర్లు, ఊట తడి కనిపించినప్పుడు ఆయకట్టు రైతు తేలికగా తీసుకోడు.

ప్రాణాలు పోయిన చోట్లు

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు ఏసీ బస్సు కొత్తకోట మండలం పాలెం వద్ద కల్వర్టు గోడను ఢీకొంది. ఇంధన ట్యాంకు పగిలి నిమిషాల్లో మంటలు వ్యాపించాయి. నిద్రలో ఉన్న ప్రయాణికుల్లో 45 మంది సజీవ దహనమయ్యారు. దేశమంతటా బస్సుల్లో అత్యవసర ద్వారాలు, అద్దాలు పగలగొట్టే సుత్తులు, రహదారి కల్వర్టుల రూపకల్పనపై చర్చ జరిగింది ఆ దుర్ఘటన తరువాతే. 2025 అక్టోబరులో కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద ఇదే రహదారిపై మరో బస్సు దగ్ధమైనప్పుడు పాలెం పేరు మళ్లీ అందరి నోళ్లలో నానింది. పన్నెండేళ్లలో మరిచిపోయిన పాఠానికి మళ్లీ ప్రాణాలతో మూల్యం చెల్లించవలసి వచ్చింది.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం జాతీయ రహదారిపై 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలతో కూడిన ఐదు ప్రమాదాలు జరిగినా, పది మంది మరణించినా ఆ చోటును ‘బ్లాక్ స్పాట్’గా గుర్తిస్తారు. అక్కడ హెచ్చరిక బోర్డు పెట్టడంతో పాటు లోపాన్ని సరిదిద్దాలి. జాతీయ రహదారిపై ఆపదలో 1033కు, అంబులెన్సు కోసం 108కి ఫోన్ చేయవచ్చు. ఫోన్ చేసేవారు దగ్గరి కిలోమీటరు రాయిపై ఉన్న అంకె చెప్పగలిగితే సాయం త్వరగా చేరుతుంది. మైలురాయిని చదవడం నేర్పవలసిన కారణం ఇదే.

పాలమూరులో ఇంతకన్నా పాత విషాదం మరొకటి ఉంది. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య రైలు వంతెన కూలి వందమందికి పైగా మరణించారు. నాటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామాకు సిద్ధపడగా ప్రధాని నెహ్రూ అంగీకరించలేదు. అదే ఏడాది నవంబరులో తమిళనాట అరియలూరు వద్ద మరో ఘోర ప్రమాదం జరగడంతో ఆయన పదవి వీడారు. శాస్త్రి రాజీనామా కథ పాఠ్యపుస్తకాల్లో చదివిన మన పిల్లలకు అది తమ జిల్లాలోని వాగు దగ్గర మొదలైందన్న సంగతి చెప్పవలసి ఉంది.

ఇటీవలి విషాదం నల్లమలలో జరిగింది. సుమారు 44 కిలోమీటర్ల పొడవున తలపెట్టిన ఎస్సెల్బీసీ సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వారాల తరబడి సాగిన గాలింపులో మార్చి నెలలో ఇద్దరి మృతదేహాలు మాత్రమే బయటికి వచ్చాయి. వారంతా పొట్టకూటి కోసం దూర రాష్ట్రాల నుంచి వచ్చినవారు. ఏళ్ల తరబడి ‘పాలమూరు లేబర్’ పేరిట దేశమంతటా ఆనకట్టలు, కాలువలు తవ్విన కూలీల జిల్లా ఇది. పని చోట మరణించిన పరదేశి కూలీ పేరు రాతి మీద ఉండవలసిన అవసరాన్ని మనకంటే బాగా ఎరిగినవారు ఉండరు.

మునిగిన ఊళ్లు, కదిలిన గుళ్లు

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. జలాశయం నిండేసరికి పాత మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో సుమారు వంద గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఊళ్లతో పాటు గుళ్లను రాయి రాయికీ అంకె వేసి విప్పి ఎత్తైన చోట తిరిగి కట్టారు. కృష్ణా, తుంగభద్రల సంగమ స్థలమైన కూడవెల్లిలోని సంగమేశ్వరాలయం ఆలంపూర్‌కు చేరింది. పాపనాశి దేవాలయాలూ అలా తరలినవే. కొల్లాపూర్ ప్రాంతంలోని సోమశిల, జటప్రోలు ఆలయాలు కొత్తచోట వెలిశాయి. ఈర్లదిన్నె ఆలయం మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఆవరణకు వచ్చింది.

గుడిని చూసేవారికి అది ఎప్పటిదో చెప్పే ఫలకం ఉంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో, దాని చుట్టూ ఉన్న ఊరు ఏమైందో చెప్పే ఫలకం మరింత అవసరం. రాయికి అంకె వేసి తెచ్చుకున్నాం కానీ ఊరికి అటువంటి అంకె వేయలేదు. ముంపు గ్రామాల పేర్లు ఇప్పటికీ నోటితో చెప్పగలిగినవారు ఏడు పదులు దాటినవారే. వారి వద్ద ఆ జాబితా రాసుకోవడం ఏ శాఖా మంజూరు చేయనవసరం లేని పని.

చట్టం ఏమంటోంది?

ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి ఆలంపూర్ నవబ్రహ్మ ఆలయాల వంటి కేంద్ర రక్షిత కట్టడాల వద్ద నీలిరంగు బోర్డు కనిపిస్తుంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించిన మేరకు రక్షిత కట్టడాన్ని ధ్వంసం చేసినా, పాడుచేసినా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపై 200 మీటర్ల వరకు అనుమతితోనే కట్టాలి. బోర్డు మీద పోస్టర్లు అంటించడం, రేకు ఊడదీసి అమ్ముకోవడం ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించడమే. 1984 చట్టం కింద అది శిక్షార్హం.

మంచి బోర్డుకు కొన్ని లక్షణాలు ఉన్నాయి. తెలుగు అక్షరాలు పెద్దవిగా, ఆగకుండా పోయే వాహనం నుంచి సైతం కనిపించేలా ఉండాలి. తేదీ తప్పక ఉండాలి. చరిత్రకు ఆధారం ఉన్నదానిని ఆధారంగా, జనశ్రుతిని జనశ్రుతిగా వేరుచేసి రాయాలి. ఊరి పేరు రాసేముందు ఊరివారిని, శాసనాన్ని రెండింటినీ సంప్రదించాలి. ఏది చేయకూడదో చెప్పే బోర్డు ఎందుకు చేయకూడదో కూడా చెప్పాలి.

ఘణపూర్ కోటకు ఒక ఫలకం

ఈ లక్షణాల ప్రకారం జాతీయ రహదారి నుంచి ఖిల్లా ఘణపూర్‌కు మళ్లే చోట ఒక గోధుమరంగు బోర్డు, కోట దిగువన ఒక రాతి ఫలకం నిలిపితే అందులో ఈ కింది విషయాలు ఉండదగును.

- ఊరి పేరు గణపురం. కాకతీయ గణపతిదేవుని (1199-1262) పేరిట వెలసినది.
- కోటను గోన వంశీయులు నిర్మించారని ప్రతీతి. వారి రాజధాని వర్ధమానపురం, నేటి నంది వడ్డెమాను.
- గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణ కర్తగా ప్రసిద్ధుడు. కుమార్తె కుప్పాంబిక 1276 బూదపుర శాసనంలోని పద్యంతో తొలి కవయిత్రిగా గుర్తింపు పొందింది.
- గోన గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు 1294లో రాయచూరు కోట రాతిగోడ కట్టించాడు.
- ఊరి చెరువు గణపసముద్రం. ఇదీ గోనవారి కాలం నాటిదని చెబుతారు.
- కొండపై వానాకాలంలో బండలు జారుతాయి. ఒంటరిగా ఎక్కవద్దు. చీకటి పడేలోగా దిగాలి.
- గోడల రాళ్లు తీయడం, గుప్తనిధుల పేరిట తవ్వడం నేరం.

ఈ ఏడు అంశాలకు పట్టేది ఒక మనిషి ఎత్తు రాయి. రాయికి ఈ మండలంలో కొరత లేదు. చెక్కే ముందు ‘ణ’కు బదులు ‘న’ పడకుండా చూసుకుంటే చాలు.